గాటు చెప్పే సాక్ష్యం: ఇంటి రీఫ్ ట్యాంకులో కోరల్‌ను తినేదెవరో తేల్చడం ఎలా

సంక్షిప్తంగా: రీఫ్ ట్యాంకులో, అంటే ఉప్పునీటి గాజు తొట్టిలో పెంచే కోరల్ (పగడపు జీవి) పాడైనప్పుడు టార్చి వెలుగులో కనిపించిన మొదటి జీవి మీద నేరం మోపడం మామూలైపోయింది. నిజంగా కోరల్‌ను తినే జీవులు తక్కువే. వాటిలో చాలావరకు ఒక్కో రకం కోరల్‌నే అంటిపెట్టుకుని బతుకుతాయి, పగలు కంటపడవు. ఏ కోరల్ పాడైంది, గాయం ఏ ఆకారంలో ఉంది, ఎక్కడ మొదలైంది అని అడిగితే అనుమానితుల జాబితా ఒకటి రెండు పేర్లకు కుదించుకుపోతుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఎండ, బోరు నీరు కలిసి పురుగు లేకపోయినా పురుగు తిన్నట్టే కనిపించే నష్టాన్ని తెస్తాయి. గుర్తింపు తప్పితే పురుగుకంటే మందే ఎక్కువ చెరుపు చేస్తుంది.

చీమలకు మందు కొట్టినట్టు

లైట్లు ఆర్పి రెండు గంటలయ్యాక ట్యాంకులోకి టార్చి వేస్తే, మొన్నటిదాకా నిండుగా విచ్చుకున్న కోరల్ మీద బ్రిసిల్ వార్మ్ ఒకటి పాకుతూ కనిపిస్తుంది. గులాబీ రంగు ఒళ్లు, రెండు పక్కలా తెల్లటి నూగు, అచ్చం గొంగళిపురుగు నడక. దాని కింద కోరల్ కండ ఊడిపోయి తెల్లటి అస్థిపంజరం బయటపడి ఉంటుంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలనిపిస్తుంది. పట్టకారుతో దాన్ని లాగి పారేస్తారు. వారం తిరిగేసరికి పక్క కోరల్‌కీ అదే గతి పడుతుంది.

మామిడి తోట ఉన్న చిత్తూరు రైతు ఈ పొరపాటు చేయడు. పూత మీద తేనెమంచు పురుగు రసం పీల్చి జిగురు వదులుతుంది, ఆ జిగురు కోసం చీమలు వస్తాయి, దాని మీదే మసి పడుతుంది. చెట్టు దగ్గరికి వెళ్లినవాడికి ముందు కనిపించేవి చీమలే. అయినా మందు చీమలకు కొట్టరు. వ్యవసాయంలో మిత్ర పురుగు, శత్రు పురుగు అనే మాటలు వాడుకలో ఉన్నాయి కాబట్టి, కనిపించిన ప్రతిదీ శత్రువు కాదన్న సంగతి అక్కడ ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రీఫ్ ట్యాంకుల దగ్గర ఆ తేడా ఇంకా స్థిరపడలేదు.

ఇళ్లలో కనిపించే బ్రిసిల్ వార్మ్‌లలో అత్యధికం పాచి, మిగిలిపోయిన మేత, చచ్చిన కండ తిని బతికేవే. కుళ్లుతున్న కోరల్ వాసనకు అవి చేరతాయి. ఈ కుటుంబంలో నిజంగానే కోరల్‌ను తినే ఫైర్‌వార్మ్ ఒకటి ఉంది. దాని స్వస్థలం అట్లాంటిక్, కరీబియన్, మధ్యధరా సముద్రాలు. దాని గురించి రాసింది చదివి ఇక్కడి ట్యాంకులోని పాకీ పురుగును చంపడం రివాజయింది.

సముద్రంలో కంటపడనిది ట్యాంకులో ఎందుకు పెరుగుతుంది

సముద్రంలోనూ కోరల్‌కు శత్రువులున్నారు. అందరికీ తెలిసింది ముళ్ల కిరీటం నక్షత్ర చేప. బాగా ఎదిగినది ఏడాదికి దాదాపు 10 చదరపు మీటర్ల కోరల్‌ను తినేయగలదు. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ మీద 1960ల నుంచి అది గుంపులుగా విరుచుకుపడిన సందర్భాలు నమోదయ్యాయి. దాన్ని గుర్తించడానికి భూతద్దం అక్కర్లేదు. ఇంటి ట్యాంకులో వచ్చే తంటా వేరు. ఇక్కడి శత్రువు గోరంత కూడా ఉండదు, పైగా తిన్న కోరల్ రంగునే ఒంటికి పులుముకుంటుంది.

ఇందుకు మంచి ఉదాహరణ ఆక్రోపోరా అనే కొమ్మల కోరల్‌ను తినే చదును పురుగు, ఫ్లాట్‌వార్మ్. ట్యాంకులు పెంచేవాళ్లు ఏళ్ల తరబడి దీనితో వేగారు. శాస్త్రీయంగా దానికి పేరు పడింది మాత్రం 2011లో, అదీ అక్వేరియంలో దొరికిన పురుగుల ఆధారంగా. సముద్రంలో, గ్రేట్ బారియర్ రీఫ్ మీద అది కనబడిందన్న నివేదిక ఆ మరుసటి ఏడాది, 2012లో వచ్చింది. ఇప్పుడు దాన్ని ప్రోస్థియోస్టోమమ్ అక్రోపోరే అంటున్నారు. మాంటిపోరా అనే మరో రాతి కోరల్‌ను తినే చిప్పలేని నత్తదీ ఇదే కథ. ఫెస్టిల్లా ప్రజాతిలో కొత్త జాతిగా దాన్ని 2020లో వర్ణించారు, అదీ అక్వేరియం వ్యాపారంలో బెడదగానే.

కారణం తిండి గొలుసులో ఉంది. సముద్రంలోని కోరల్ దిబ్బ మీద రాస్ చేపలు, పీతలు, రొయ్యలు కొమ్మ కొమ్మా గాలించి ఇలాంటి పురుగులను ఏరుకు తింటాయి. పురుగు గుడ్ల నుంచి బయటపడ్డ పిల్లల్లో చాలా భాగం అలలకు కొట్టుకుపోతుంది. నాలుగు అడుగుల గాజు పెట్టెలో ఆ కాపలా లేదు, కొట్టుకుపోయే దారీ లేదు. ఒక కోరల్ మీద పుట్టిన పిల్ల అర అడుగు పాకితే ఇంకో కోరల్ దొరుకుతుంది. పదిమంది కూడా లేని ఊళ్లో దొంగ పడ్డట్టే.

ఇక రంగు. కోరల్ కండలో సూక్ష్మమైన నాచు కణాలు కాపురం ఉంటాయి. కోరల్ రంగులో, తిండిలో పెద్ద వాటా వాటిదే. ఫ్లాట్‌వార్మ్ ఆ కండను తిన్నప్పుడు నాచు కణాలు దాని ఒంట్లోకి చేరతాయి, పల్చటి ఒళ్లు కాబట్టి బయటికి కనిపిస్తాయి. అంటే ఏ కొమ్మను తింటే ఆ కొమ్మ రంగు. గాజు బయట నిలబడి ఎంతసేపు చూసినా కంటికి ఆనదు.

చెన్నై దారి

2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాకు శ్రీహరికోట, పులికాట్ వైపు సముద్ర తీరం దక్కింది. కోరల్ దిబ్బల కోసం మాత్రం మన్నార్ సింధుశాఖ, కచ్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ వైపే చూడాలి. తిరుపతిలో ట్యాంకు పెట్టినవాళ్లకు దగ్గరి పెద్ద మార్కెట్ 130 పైచిలుకు కిలోమీటర్ల దూరంలోని చెన్నై, అందులోనూ అలంకార చేపలకు పేరుపడ్డ కొళత్తూరు. సంచిలో నీళ్లు, థర్మోకోల్ పెట్టె, మూడు నాలుగు గంటల ప్రయాణం. అలిసిన కోరల్ ఇంటికి రాగానే ముడుచుకుని ఉంటుంది. దాని మీద పురుగు ఉన్నా, ముడుచుకోవడం ప్రయాణ బడలిక అనుకుంటారు. మొదటి వారం అలా జారిపోతుంది.

చట్టం సంగతి కూడా ఇక్కడే ముడిపడి ఉంది. దిబ్బలు కట్టే రాతి కోరల్స్ అన్నీ, వాటితోపాటు సముద్రపు విసనకర్రలనే గోర్గోనియన్లు 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. మన సముద్రంలోంచి వాటిని తీయడం నేరం. విదేశీ రాతి కోరల్స్ అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి అనుమతి పత్రాలు లేకుండా దిగుమతి కుదరదు. జోవాంథిడ్లు, మష్రూమ్‌లు, లెదర్ కోరల్స్ వంటి మెత్తటి రకాలు రాతి కోరల్స్ జాబితాలోకి రావు. పత్రం లేకుండా చేతులు మారిన ముక్క ఎక్కడిదో, ఎన్ని ట్యాంకులు తిరిగిందో అమ్మినవాడు చెప్పడు, కొన్నవాడు అడగడు. తెగులు పాకడానికి అంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. స్నేహితుల మధ్య ముక్కల మార్పిడి అంతకంటే పెద్ద దారి, ఎందుకంటే తెలిసినవాళ్లు ఇచ్చిన ముక్కను ఎవరూ అనుమానించరు.

గాటును చదవడం

మొదట అడగాల్సింది ఏ కోరల్ పాడైందని. ఆక్రోపోరా ఫ్లాట్‌వార్మ్ మాంటిపోరా జోలికి పోదు. మాంటిపోరా నత్త ఆక్రోపోరాను ముట్టదు. జోవాంథిడ్ల మీది నత్తకు ఆ రెండూ అక్కర్లేదు. ఒక జాతి మాత్రమే వాడిపోతూ పక్కనున్నవి కళకళలాడుతుంటే పురుగు మీద అనుమానం బలపడుతుంది. అన్ని రకాలూ ఒకే రోజు ముడుచుకుంటే నీళ్లను పరీక్షించాలి, పురుగును వెతకడం ఆపాలి. అవసరం లేని మందులు సగానికి పైగా ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి.

రెండోది తెల్లబడటానికీ తినబడటానికీ ఉన్న తేడా. వేడికో, మితిమీరిన వెలుతురుకో కోరల్ తనలోని నాచు కణాలను వదిలేస్తే కండ పారదర్శకంగా మారి తెల్లగా కనిపిస్తుంది. కానీ కండ ఉంటుంది. భూతద్దంలో చూస్తే కోరల్‌ను కట్టే బుల్లి జీవులైన పాలిప్‌లు గాజుబొమ్మల్లా ఇంకా కదులుతుంటాయి. తినబడిన చోట కండే ఉండదు. గరుకైన సున్నపు అస్థిపంజరం, దాని గుంటలు, గట్లు బయటపడతాయి, కొద్ది రోజుల్లోనే దాని మీద పచ్చటి పాచి మొలుస్తుంది. మొదటిది కోలుకోవచ్చు. రెండోది ఆ మేరకు పోయినట్టే, అంచుల నుంచి కండ మళ్లీ పాకితే తప్ప.

మూడోది గాయం మొదలైన చోటు. వెలుతురు దెబ్బ పైభాగాన తగులుతుంది. పురుగు కింద నుంచి, నీడ నుంచి, కొమ్మల సందు నుంచి మొదలుపెడుతుంది. చేప పొడిచిన గాటు ఎత్తుగా ఉన్న అంచుల మీద, పగటిపూట మాత్రమే పడుతుంది. సీతాకోక చేపలు, పెద్ద ఏంజెల్ చేపలు ఉన్న ట్యాంకులో రాత్రి పురుగుల వేటకంటే ముందు పగలు అరగంట దూరంగా కూర్చుని చూడటం మేలు. మనిషి గాజు దగ్గరికి వస్తే మేత వస్తుందని చేప పొడవడం మానేసి ముందుకు వస్తుంది, అందుకే దూరం.

జోవాల మీద

మన ఇళ్లలో తరచూ కనిపించేవి జోవాంథిడ్లే. అందరూ జోవాలంటారు. చిన్న చిన్న పూల గుత్తుల్లా ఉంటాయి, ఒక్కో రంగుకూ ఒక్కో పేరు, ఒక్కో ధర. వీటి మీద బతికే చిప్పలేని నత్త, అంటే న్యూడిబ్రాంక్, వీపంతా మెత్తటి కొనలతో జోవా రెక్కల్లాగే కనిపిస్తుంది. ఆ కొనల్లోకి జోవా నాచు కణాలు చేరతాయి కాబట్టి ఆకుపచ్చ జోవాల మీద ఆకుపచ్చ, గోధుమ రంగు వాటి మీద గోధుమ రంగు. మొదటి లక్షణం గుత్తిలో ఒక మూల నాలుగైదు పాలిప్‌లు మూసుకుపోవడం. రెండు రోజుల తర్వాత వాటి కాడలు మాత్రమే మిగులుతాయి.

జీవి దొరకనప్పుడు గుడ్లు దొరుకుతాయి. ముక్కను బయటికి తీసి తిరగేసి చూస్తే, కాడల మొదట్లోనో ప్లగ్ (ముక్కను అతికించిన చిన్న దిమ్మ) అడుగునో తెల్లటి దారం జిలేబీలా చుట్టుకుని ఉంటుంది. ఒక్క చుట్టలో పదుల కొద్దీ గుడ్లు. జిలేబీ కనిపించిందంటే ఇక నత్త ఉందా లేదా అన్న చర్చ అక్కర్లేదు.

సముద్రపు సాలీడు మరో రకం. కొన్ని మిల్లీమీటర్ల ఒళ్లు, పొడవాటి సన్నటి కాళ్లు. గుత్తి మధ్యలోని చాపలాంటి కండ మీద కదలకుండా కూర్చుని తొండంతో పీలుస్తుంది. దూరానికి చెత్త తునకలా ఉంటుంది. నలుపు తెలుపు గళ్లతో, మెట్లు మెట్లుగా చుట్టుకున్న గుండ్రటి చిప్ప ఉన్న సన్‌డయల్ నత్త కూడా జోవాలనే తింటుంది. అందంగా ఉందని దాన్ని ఉంచుకునేవాళ్లున్నారు. పగలు ప్లగ్ కింద, రాళ్ల సందుల్లో ఉంటుంది.

ఆస్టెరీనా అనే బొట్టంత నక్షత్ర చేప విషయంలో తీర్పు అంత తేలిక కాదు. తనను తాను రెండుగా చీల్చుకుని పెరుగుతుంది కాబట్టి చేతులు సమానంగా ఉండవు, నాలుగు రోజుల్లో గాజంతా నిండుతుంది. ఎక్కువ రకాలు గాజు మీది పాచి, రాళ్ల మీది గులాబీ సున్నపు నాచు తింటాయి. కొన్ని మాత్రం జోవాలను తింటాయన్న ఆరోపణ గట్టిదే. గాజు మీద తిరిగేదాన్ని వదిలేయవచ్చు. ఒకే గుత్తి మీద రోజూ కూర్చుని, లేచిన చోట కండ పల్చబడి కనిపిస్తేనే దాన్ని తీయాలి.

జోవాలతో ఒక ప్రమాదం ఉంది, దానికి పురుగుతో సంబంధం లేదు. వీటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. పురుగు పట్టిన జోవా రాయిని మరిగే నీళ్లలో వేయడం, వేడినీళ్లు పోసి బ్రష్షుతో గీకడం వంటివి చేస్తే ఆ ఆవిరి, తుంపర్లు ఊపిరితిత్తులకు, కళ్లకు చేరి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలయిన ఘటనలు పలు దేశాల్లో నమోదయ్యాయి. చేతికి గ్లౌజు, కంటికి అద్దాలు లేకుండా జోవాలను కోయకూడదు. వాటి రాయిని ఉడకబెట్టడం అన్నది ఏ పరిస్థితుల్లోనూ వద్దు.

రాతి కోరల్స్ మీద

పత్రాలతో తెచ్చుకున్న ఆక్రోపోరా ఉన్నవాళ్లకు ముందు తెలియాల్సిన ముద్ర ఫ్లాట్‌వార్మ్‌ది. కొమ్మ మీద కొన్ని మిల్లీమీటర్ల గుండ్రటి పాలిపోయిన మచ్చలు, ఆటలమ్మ మచ్చల్లా, పక్కపక్కనే. మొదట రంగు మందగిస్తుంది, పాలిప్‌లు లోపలికి పోతాయి, తర్వాత కొమ్మ మొదలు నుంచి కండ పైకి ఊడుతుంది. చచ్చిన అస్థిపంజరం మీద, కండకు ఆనుకుని, బంగారు గోధుమ రంగు చుక్కల్లా గుడ్లు పరిచి ఉంటాయి.

ఆక్రోపోరా మీదే ఉండే రెడ్ బగ్ వేరే సంగతి. ఇది పురుగు కాదు, అర మిల్లీమీటరు ఉండే రొయ్య జాతి జీవి. పసుపు ఒంటి మీద ఎర్ర చుక్క. గాటు పెట్టదు, కండ ఊడదు. కోరల్ నెలల తరబడి వెలవెలబోతుంది, అంతే. కుక్కల గుండె పురుగుకు వాడే మిల్‌బెమైసిన్ ఆక్సిమ్ దీనికి పనిచేస్తుంది. అదే మందు ట్యాంకులోని రొయ్యలను, పీతలను, చేపలకు మేతయ్యే సూక్ష్మజీవులను కూడా ఊడ్చేస్తుంది. ఫ్లాట్‌వార్మ్‌ను రెడ్ బగ్ అనుకుని ఈ మందు వేస్తే ఫ్లాట్‌వార్మ్ నిక్షేపంగా ఉంటుంది, మిగతావి పోతాయి.

మాంటిపోరా నత్త తెల్లగా, బియ్యపు గింజకంటే చిన్నగా ఉంటుంది. ఇది తిన్న నాచును ఒంట్లో దాచుకోదు, అందుకే తెలుపు. పళ్లెంలా పెరిగే మాంటిపోరా అడుగున చేరి అంచు నుంచి తినుకుంటూ వస్తుంది. తిన్న చోట తెల్లగా, వంకర టింకరగా మరక, రోజురోజుకూ వెడల్పు. హ్యామర్, టార్చ్ అనే పేర్లున్న యూఫీలియా కోరల్స్ మీద మరో రకం ఫ్లాట్‌వార్మ్ వస్తుంది. అదే కోరల్‌కు గోధుమరంగు జిగురు పట్టి, దుర్వాసనతో, ఒక్క రోజులో తల (కొమ్మ చివరి పాలిప్) మొత్తం కరిగిపోతే మాత్రం అది పురుగు పని కాదు. బ్రౌన్ జెల్లీ అనే ఆ జబ్బులో ఏకకణ జీవులు గుంపుగా కండను కరిగిస్తాయి. పట్టిన తలను వెంటనే విడదీయాలి.

కొమ్మల మధ్య పీత కనిపిస్తే తొందరపడకూడదు. నున్నటి డొప్ప ఉన్న ట్రపీజియా పీత పోసిలోపోరా అనే కొమ్మల కోరల్‌కు కావలివాడు. ముళ్ల కిరీటం నక్షత్ర చేపను కూడా గిల్లి తరిమేస్తుంది. ఒంటి నిండా బొచ్చు, నల్లటి కొనల పంజా ఉన్నవాటి మీద అనుమానం పెట్టుకోవచ్చు.

పురుగే లేని గాయం

మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీళ్లను చల్లబరిచే చిల్లర్ లేని ట్యాంకులో నీళ్లు 30 దాటడానికి ఒక మధ్యాహ్నం కరెంటు పోవడం చాలు. కోరల్‌కు హాయి 25, 26 దగ్గర. ట్యాంకు మీద ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, దాని వెనకే నీళ్లు వేగంగా ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. ఆ లోటును బోరు నీళ్లతో పూడిస్తే సంగతి మరీ చెడుతుంది. గట్టి బోరు నీళ్లలోని కాల్షియం, బైకార్బనేట్, నైట్రేట్ అన్నీ ప్రతి చెంబుతోనూ ట్యాంకులో చేరతాయి, బయటికి పోయే దారి వాటికి లేదు. ఆల్కలినిటీ (క్షారత) ఎగబాకుతుంది. ఆక్రోపోరా కొమ్మల కొనలు కాలినట్టు తెల్లబడతాయి.

ఈ కాలిన కొనలనే చాలామంది పురుగు కాటు అనుకుంటారు. తేడా చెప్పే ఆనవాలు ఉంది. కాలిన కొనలు అన్ని కొమ్మల మీదా ఒకే తీరుగా, ఎదుగుతున్న చివరలకే పరిమితమై ఉంటాయి. పురుగుకు అంత క్రమశిక్షణ ఉండదు. పైగా ఎండాకాలం ఒంటి బలం తగ్గిన కోరల్ మీద మామూలుగా తట్టుకోగల నాలుగు పురుగులు కూడా ఎక్కువ నష్టం చేస్తాయి, అప్పుడు రెండు కారణాలూ నిజమే అవుతాయి. ఏది ముందు సరిచేయాలన్నప్పుడు నీళ్లే ముందు. చెడ్డ నీళ్లలో ఉన్న కోరల్‌ను మందులో ముంచితే మందు దెబ్బకే పోతుంది.

తెల్ల గిన్నె పరీక్ష

ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. నగల పనివాళ్లు కంటికి పెట్టుకునే 10 రెట్ల భూతద్దం, మెడికల్ షాపులో దొరికే సూది లేని పెద్ద సిరంజీ, తెల్లటి ప్లాస్టిక్ గిన్నె ఉంటే చాలు. టార్చికి గిఫ్టు ప్యాకింగ్‌కు చుట్టే ఎర్ర పారదర్శక కాగితం రెండు మడతలు కడితే రాత్రి జీవులు అంతగా బెదరవు.

గిన్నెలో ట్యాంకు నీళ్లే పోసి ముక్కను అందులో పెట్టాలి. సిరంజీతో నీళ్లు లాగి కొమ్మల సందుల్లోకి, ప్లగ్ అంచులకు, అడుగుకు గట్టిగా చిమ్మాలి. ముక్కను తీసేసి గిన్నెను రెండు నిమిషాలు కదలకుండా ఉంచితే అడుగున మిగిలినవి తమ పని తాము మొదలుపెడతాయి. పక్కకు ఒంగి రొయ్య పిల్లలా గెంతేది ఆంఫిపాడ్, దాంతో భయం లేదు. చుక్కలా సర్రున దూసుకుపోయేది కోపిపాడ్, చేపకు మేత. తడి కాగితం ముక్కలా అంచులు ముడుచుకుంటూ జారేది ఫ్లాట్‌వార్మ్. ఒళ్లంతా కొనలతో మెల్లగా కొమ్ములు చాపేది న్యూడిబ్రాంక్. కోరల్ మీద కంటికి ఆనని రంగు తెల్ల గిన్నెలో దాగదు.

తుప్పు రంగులో, వెనక మూడు తోకలున్నట్టు ఉండి గుంపులుగా గాజెక్కే చిన్న ఫ్లాట్‌వార్మ్‌లు వేరు. అవి కోరల్‌ను తినవు, మితిమీరితే కప్పేసి వెలుతురు అడ్డుకుంటాయి. వాటిని ఒక్కసారిగా మందుతో చంపితే వాటి ఒంట్లోని విషం చేపలకు ముప్పు తెస్తుంది. ముందు పైపుతో పీల్చి సంఖ్య తగ్గించాకే మందు మాట.

డిప్ లెక్క

డిప్ అంటే మందు కలిపిన నీళ్లలో ముక్కను కొన్ని నిమిషాలు ముంచి కడగడం. అయోడిన్ డిప్ అయినా, అంగట్లో దొరికే తయారీ డిప్ అయినా ఎదిగిన పురుగును వదిలిస్తుంది, గుడ్డును చంపదు. గుడ్డు పెంకు అంత గట్టిది. అందుకే ఒకసారి ముంచి, శుభ్రమైందనుకుని ట్యాంకులో పెట్టినవాళ్లకు మూడు వారాల తర్వాత అదే బెడద తిరిగొస్తుంది. మందు పనిచేయలేదని ఇంకో మందు కొంటారు.

లెక్క రెండు గడువుల మీద నడుస్తుంది. గుడ్డు పగలడానికి పట్టే కాలం ఒకటి, పగిలిన పిల్ల ఎదిగి మళ్లీ గుడ్డు పెట్టడానికి పట్టే కాలం ఇంకొకటి. రెండు డిప్పుల మధ్య ఎడం రెండో గడువుకంటే తక్కువ ఉండాలి, మొత్తం డిప్పుల కాలం మొదటి గడువుకంటే ఎక్కువ ఉండాలి. అప్పుడే పుట్టిన ప్రతి తరమూ గుడ్డు పెట్టకముందే డిప్పులో పడుతుంది. నీళ్ల వేడి పెరిగేకొద్దీ ఈ రెండు గడువులూ కుదించుకుపోతాయి. చల్లటి దేశాల ట్యాంకులను దృష్టిలో పెట్టుకుని చెప్పిన పది రోజుల ఎడం 29 డిగ్రీల తిరుపతి ట్యాంకులో సడలింపే అవుతుంది. ఇక్కడ ఐదారు రోజులకొకసారి అనుకోవడం క్షేమం. కంటికి కనిపించే గుడ్లను బ్లేడుతో గీకేయాలి, కొమ్మ మొదట్లో చచ్చిన అస్థిపంజరం ఉంటే దాన్ని తుంచేయాలి.

పురుగుమందు కొట్టులో సీసా

విదేశీ వీడియోల్లో పెరటి మొక్కలకు కొట్టే పురుగుమందును డిప్‌గా వాడటం కనిపిస్తుంది. ఆ సీసాలో ఇమిడాక్లోప్రిడ్ పాళ్లు ఒక శాతం లోపే, దానికి తోడు ఇంకో మందు. ఇక్కడ టమాటా, మామిడి రైతులకు అమ్మే మామూలు ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం. పేరు ఒకటే కదా అని వీడియోలో చెప్పిన మిల్లీలీటర్లే కొలిచి పోస్తే మోతాదు ఇరవై రెట్లకు చేరుకుంటుంది. చిత్తూరు జిల్లాలో ఏ మండల కేంద్రంలోనైనా దొరికే సీసా కాబట్టి ఈ పొరపాటుకు ఇక్కడ ఆస్కారం ఎక్కువ. రొయ్య, పీత జాతికి ఈ మందు అతి కొద్ది పాళ్లలోనే ప్రాణాంతకం. కడిగిన ముక్కకు అంటిన తడితో అది పెద్ద ట్యాంకులోకి వచ్చినా, ముంచిన నీళ్లను కాలువలో పోసినా బలయ్యేది పురుగొక్కటే కాదు. కోరల్స్ కోసమే తయారైన డిప్ దొరుకుతున్నప్పుడు ఈ దారి పట్టాల్సిన పనిలేదు. రాగి కలిసిన చేపల మందులు కూడా కోరల్ ఉన్న నీళ్లలో వేయకూడనివే.

జీవులను ఉపాయంగా వాడటం మరో మార్గం. ఆరు గీతల రాస్, పసుపు రాస్ వంటి చేపలు ఫ్లాట్‌వార్మ్‌లను, చిన్న నత్తలను ఏరుకు తింటాయి. అవి సంఖ్యను అదుపులో ఉంచుతాయి, పూర్తిగా తుడిచేయవు. గుడ్లను ముట్టవు. చేప ఉంది కదా అని డిప్ మానేయడం కాపలా కుక్కను కట్టేసి తలుపు తెరిచి పడుకోవడం లాంటిది. ఐప్టేసియా అనే కలుపు ఎనిమోన్‌ను తినే బెర్ఘియా కూడా చిప్పలేని నత్తే. దాన్ని డబ్బిచ్చి కొనుక్కుని, నాలుగు రోజుల తర్వాత జోవా నత్త అనుకుని నలిపేసినవాళ్లు లేకపోలేదు.

ఒక మండలం

కొత్త ముక్కకు వేరే చిన్న ట్యాంకు పెట్టడమే క్వారంటైన్. నలభై లీటర్ల గాజు తొట్టి, చిన్న లైటు, నీళ్లు కదిపే పంపు సరిపోతాయి. ఎన్నాళ్లన్న ప్రశ్నకు డిప్ లెక్కలోనే జవాబుంది. గుడ్డు పగిలి, పిల్ల ఎదిగి, కంటికి కనిపించేదాకా ఆగాలంటే తక్కువలో తక్కువ ఆరు వారాలు. దీక్షల ఊరిలో ఆ వ్యవధికి సిద్ధంగా ఒక మాట ఉంది, మండలం.

మొదటి రోజే ముక్కను వచ్చిన ప్లగ్ నుంచి విడదీసి కొత్త ప్లగ్ మీద అతికించాలి. గుడ్లలో ఎక్కువ భాగం పాత ప్లగ్ అడుగునే ఉంటాయి కాబట్టి ఈ ఒక్క పనితో సగం బెడద చెత్తబుట్టలోకి పోతుంది. తర్వాత ఐదారు రోజులకొకసారి డిప్, ప్రతి డిప్ తర్వాత గిన్నె అడుగు పరిశీలన, అడుగున కనిపించినదాని ఫోటో. పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే పరిమాణం కూడా తెలుస్తుంది. నీలం లైటు కింద తీసిన ఫోటో చూసి ఎవరూ ఏ పురుగో చెప్పలేరు, తెల్ల లైటు వేయాలి.

చివరి రెండు డిప్పుల్లోనూ గిన్నె అడుగు ఖాళీగా ఉంటే ముక్క పెద్ద ట్యాంకులోకి వెళ్లవచ్చు. ముప్పై తొమ్మిదో రోజున ఒక్కటి కనిపించినా లెక్క మళ్లీ ఒకటి నుంచే.